పక్కనున్న చిన్న హోటల్ బాగోలేకపోతే అందరికీ కనబడేలా రాయాలా?

భోజనప్రియ:
మా చుట్టుపక్కల హోటళ్లు, బేకరీల గురించి నా అభిప్రాయాలు రాస్తుంటాను. మెచ్చుకున్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక బేకరీ గురించి "కేకులు చాలా బాగుంటాయి, బ్రెడ్ మాత్రం సాయంత్రానికి పొడిపొడిగా రాలిపోతుంది, అడిగితే ఇప్పుడే తీశాం అంటారు" అని రాశానో లేదో, తెలిసినవాళ్లే మీద పడ్డారు. చిన్నవాళ్ల పొట్ట కొడతావా, వెళ్లి మెల్లగా చెప్పొచ్చుగా అని. ఇంకో హోటల్ మధ్యాహ్నం అద్భుతం, రాత్రి మాత్రం పొద్దుటి కూరే మళ్లీ వేడి చేసి పెడతారు. అదీ రాశాను, దానికీ ఇదే గొడవ.

పెద్ద చైన్ హోటల్‌ని నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, చిన్నదాన్ని మాత్రం పల్లెత్తు మాట అనకూడదంటే, చిన్న హోటళ్ల మీద రాసిన పొగడ్తలను ఎవరు నమ్ముతారు? నా లెక్కలో నచ్చనిదీ రాయాల్సిందే. మీరేమంటారు?

గల్లాపెట్టె:
నేను చిన్న హోటల్ నడుపుతాను, కాబట్టి ఎటువైపు మాట్లాడతానో మీకు తెలుసు. అయినా ఒక లెక్క వినండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైఖేల్ లూకా 2011లో ఒక పరిశోధన పత్రం రాశాడు. సియాటిల్ హోటళ్ల ఆదాయాన్నీ, యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో వాటికున్న స్టార్ రేటింగ్‌లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేలింది. అయితే ఆ ప్రభావమంతా సొంతంగా నడిచే హోటళ్ల మీదే. చైన్ హోటళ్ల మీద కనబడలేదు. అంటే స్టార్ తగ్గితే దెబ్బ తినేది కూడా మాలాంటివాళ్లమే. మాకు నెలాఖరున మిగిలేదే ఆ కాస్త శాతం.

మీరొక మాట రాసి వెళ్లిపోతారు. మాస్టర్ మారినా, కూర మారినా ఆ మాట అక్కడే ఉంటుంది.

భోజనప్రియ:
గల్లాపెట్టె గారూ, మీరు చూపించిన లెక్క నా వైపే మాట్లాడుతోంది. చైన్ హోటల్‌కి ఎవరి రివ్యూ అక్కర్లేదు, లోపలికి వెళ్లకముందే రుచి తెలిసిపోతుంది. బయటివాడికి ఏమీ తెలియనిది మీ హోటల్ గురించే. అందుకే అక్కడ మాట పనిచేస్తోంది. మంచి మాట మీకు గిరాకీ తెస్తున్నప్పుడు తీసుకుంటున్నారు కదా?

ఇక మెల్లగా చెప్పడం. బిల్లు తెచ్చిన సర్వర్ "ఎలా ఉందండీ" అంటే మనలో ఎంతమంది నిజం చెబుతాం? సగం ప్లేటులో వదిలేసి కూడా "బాగుంది" అనే లేస్తాం. ఒకవేళ చెప్పినా ఆ మాట వంటింటిదాకా వెళ్తుందని నాకు నమ్మకం లేదు.

మూడోకుర్చీ:
మీరిద్దరూ మాట గురించి కొట్టుకుంటున్నారు. అసలు దొంగ స్టార్. యెల్ప్ సగటును అర స్టార్‌కి సర్ది చూపించేది. సగటులో వెంట్రుకవాసి తేడా ఉన్న రెండు హోటళ్లలో ఒకటి మూడున్నర, ఇంకొకటి నాలుగు అయి కూర్చుంటాయి. శాన్ ఫ్రాన్సిస్కో హోటళ్ల మీద ఆండర్సన్, మాగ్రూడర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో సరిగ్గా ఇదే చూశారు. అర స్టార్ ఎక్కువ కనబడిన హోటల్లో రద్దీ వేళ టేబుళ్లు నిండిపోవడం 19 శాతం పాయింట్లు పెరిగింది. వంట అదే, వండేవాళ్లు వాళ్లే.

2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే విలేకరి తన పెరట్లో షెడ్డుని రెస్టారెంట్ అని ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూ సైట్‌లో పెట్టాడు. షేవింగ్ నురగ లాంటివి వాడి వంటకాల ఫొటోలు తీశాడు, స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. ఆ ఏడాదే అది లండన్‌లో నంబర్ వన్ అయి కూర్చుంది. అప్పటికి అక్కడ ఎవరూ ఒక్క ముద్ద తినలేదు! కాబట్టి అక్షరాల్లో రాయండి, స్టార్ ఇవ్వకండి. అదే నా పక్షం.

గల్లాపెట్టె:
స్టార్ ఇవ్వకుండా చాలాచోట్ల రాయనివ్వరు సార్.

ల్యాబ్‌కోటు:
రుచి సంగతి మీరు తేల్చుకోండి. "అక్కడ తిన్నాను, కడుపు పాడైంది" అనే రివ్యూల గురించి నేనొక మాట చెప్పాలి. ఆఖరున ఎక్కడ తింటే ఆ హోటల్ మీదికే వేలు వెళ్తుంది. కానీ సూక్ష్మజీవులకు వాటి టైమ్ వాటికి ఉంటుంది. స్టెఫిలోకాకస్ విషం అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు బయటపడుతుంది. సాల్మొనెల్లాకి ఆరు గంటల నుంచి కొన్ని రోజులు పడుతుంది. క్యాంపైలోబాక్టర్ అయితే మామూలుగా రెండు నుంచి ఐదు రోజులు. రాత్రి హోటల్ భోజనం తర్వాత పడకేసినవాడికి అసలు కారణం మొన్న ఇంట్లో తిన్నదైనా కావచ్చు.

అలాగని రాయొద్దనీ అనను. న్యూయార్క్ ఆరోగ్యశాఖ 2012-13లో సుమారు 2,94,000 యెల్ప్ రివ్యూలను జల్లెడ పట్టింది. ఆహారం వల్ల జబ్బుపడ్డట్టు అనిపించేవి 468 దొరికాయి. అందులో నగర ఫిర్యాదుల నంబరుకు చెప్పినవి 3 శాతమే. వాటి ఆధారంగా, అప్పటిదాకా ఎవరికీ తెలియని మూడు ఘటనలు బయటపడ్డాయి. ఎప్పుడు తిన్నారో, ఎన్ని గంటలకు లక్షణాలు మొదలయ్యాయో, పక్కవాళ్లకూ వచ్చిందో లేదో రాస్తే అది పనికొచ్చే సమాచారం. "ఛీ, విషం పెట్టారు" అని రాస్తే దేనికీ పనికిరాదు. ఆరోగ్యశాఖకు కూడా చెప్పండి. రివ్యూ రాసేస్తే ఫిర్యాదు చేసినట్టు కాదు.

రాత్రి కూర గురించి కూడా. మళ్లీ వేడి చేయడం తప్పు కాదు. మధ్యలో ఎలా ఉంచారన్నదే ప్రశ్న. 5 డిగ్రీల లోపు చల్లగానో, 60 డిగ్రీల పైన వేడిగానో ఉంచాలి. మధ్యాహ్నం నుంచి స్టవ్ పక్కన గోరువెచ్చగా ఉంటేనే భయం. బయట కూర్చున్న మీకు ఆ సంగతి కనబడదు.

పిండిచేతులు:
బేకరీవాణ్ణి. భోజనప్రియ గారి బ్రెడ్ గురించే నా బాధ. పొడిపొడిగా రాలిందంటే పాతదని కాదండీ. ఓవెన్‌లోంచి తీసి చల్లారడం మొదలైన దగ్గర్నుంచే పిండిపదార్థం మళ్లీ గట్టిపడుతూ ఉంటుంది. తేమ పోకపోయినా గట్టిపడుతుంది. వెన్న, నూనె, చక్కెర తక్కువున్న బ్రెడ్ పొద్దున మెత్తగా ఉండి సాయంత్రానికి మారిపోవడం మామూలే. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది, చాలామంది దీనికి రివర్స్‌లో అనుకుంటారు. నిల్వ ఉండాలంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడింది కాస్త వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది, కానీ చల్లారేలోపు తినేయాలి.

ఏ మందూ కలపనివాడి బ్రెడ్డే ముందు గట్టిపడుతుంది. దానికే మీరు చెడ్డపేరు పెడితే, రేపటినుంచి వాడూ ఏదో ఒకటి కలుపుతాడు.

భోజనప్రియ:
పిండిచేతులు గారూ, పొద్దుటి బ్రెడ్ సాయంత్రం అమ్మితే నాకు కోపం లేదు. పొద్దుటిదని చెబితే టోస్ట్ చేసుకోవడానికి కొనేదాన్ని. "ఇప్పుడే తీశాం" అన్నదాని గురించి ఏమంటారు?

పిండిచేతులు:
ముక్కలు కోసి ప్యాక్ చేసిందా?

భోజనప్రియ:
అవును, కవర్ కట్టి ఉంది.

పిండిచేతులు:
అయితే అబద్ధమే. వేడి బ్రెడ్‌ని కోస్తే ముద్దయి కత్తికి అంటుకుంటుంది. వేడిమీదే కవర్‌లో పెడితే లోపల చెమర్చి బూజు పడుతుంది. గంటా రెండు గంటలు చల్లారనిచ్చాకే కోస్తాం. ఆ ఒక్క ముక్క రాయండి, నేనేం అడ్డుచెప్పను. "బ్రెడ్ బాగోలేదు" అన్నదానికే నా అభ్యంతరం.

మూడోకుర్చీ:
ఇదిగో, ఈ మాట ఏ స్టార్‌లో పడుతుంది చెప్పండి?

గల్లాపెట్టె:
సరే, రాయడం మానరని అర్థమైంది. రాసేటప్పుడు ఏ పూట తిన్నారో, ఏది తిన్నారో, ఏం తేడాగా ఉందో, మాకు చెబితే మేమేమన్నామో ఈ నాలుగూ ఉండాలి. నాలుగోది లేని రివ్యూ నా దృష్టిలో చాడీ.

భోజనప్రియ:
మొదటి మూడూ రాస్తాను, తేదీతో సహా. మాస్టర్ మారారని తెలిస్తే మళ్లీ తిని కొత్తది రాస్తాను. నాలుగోది మాత్రం కుదరదు గల్లాపెట్టె గారూ. డబ్బిచ్చి తిన్నాక మీ వంట సరిచేసే పని కూడా నా మీద పెడితే ఎలా? బేకరీలో అడిగాను కాబట్టే కదా "ఇప్పుడే తీశాం" అన్నారు.