వర్చువల్ పిన్‌బాల్ లైబ్రరీలో విభాగాలు, పాత వెర్షన్లు ఎలా సర్దాలి?

పాలకొల్లు_ఫ్లిప్పర్:
నమస్కారమండి. పాలకొల్లు, నరసాపురం, రాజోలు వాళ్ళం కలిసి వాడుకునే, కంప్యూటర్లో ఆడే పిన్‌బాల్ ఆటల లైబ్రరీ ఇది. తయారీదారు, దశాబ్దం, థీమ్ అని మూడు రకాల ఫోల్డర్లున్నాయి, ఒకే టేబుల్ (ఒక పిన్‌బాల్ మెషీన్‌ని అనుకరించే ఫైలు) మూడు చోట్లా కాపీ అయి ఉంది. అటాక్ ఫ్రమ్ మార్స్‌కే నాలుగు వెర్షన్లు! కొత్తది వేస్తే బ్యాక్‌గ్లాస్ (మెషీన్ పైభాగంలో నిలువుగా ఉండే బొమ్మల గ్లాసు) రావట్లేదు. పాతవి తీసేద్దామంటే రాజోలులోని పాత కంప్యూటరుకి అవే గతి. ఎలా సర్దమంటారు?

అమలాపురం_టిల్ట్:
థీమ్ ఫోల్డర్లు ముందు ఎత్తేయండి. థీమ్ అనేది ట్యాగ్‌గా ఉంటే చాలు, ఒక టేబుల్‌కి నాలుగైనా తగిలించుకోవచ్చు. మెషీన్ పుట్టుకతో వచ్చి ఎప్పటికీ మారనివే విభాగాలు చేయండి: తయారీదారు, ఏడాది, రకం. రకాలు మూడు చాలు: ఎలక్ట్రోమెకానికల్ (రిలేలు, మోటార్లతో నడిచే పాతవి), సాలిడ్ స్టేట్ (ఎలక్ట్రానిక్ చిప్‌లతో నడిచేవి), ఒరిజినల్ (అసలు మెషీన్ లేకుండా కంప్యూటర్లోనే తయారైనవి). ఈ రకమే పనికొచ్చే విభాగం. సాలిడ్ స్టేట్ అంటే దాదాపుగా వీపిన్‌మేమ్ (మెషీన్ ఎలక్ట్రానిక్స్‌ని అనుకరించే ప్రోగ్రాం), రోమ్ (మెషీన్ చిప్‌లోని సాఫ్ట్‌వేర్ కాపీ) రెండూ కావాలి. ఎలక్ట్రోమెకానికల్‌కి రోమ్ ఉండదు. టేబుల్ తెరుచుకోకపోతే ఎక్కడ వెతకాలో అక్కడే తెలిసిపోతుంది.

తయారీదారు దగ్గర ఒక్క జాగ్రత్త. స్టెర్న్ పేరుతో రెండు కంపెనీలున్నాయి: 1977లో మొదలైన స్టెర్న్ ఎలక్ట్రానిక్స్, 1999లో వచ్చిన స్టెర్న్ పిన్‌బాల్. రెండోది డేటా ఈస్ట్, సెగా మీదుగా వచ్చిన వరస. రెంటినీ ఒక గాటన కట్టకండి. 1988లో బాలీ పిన్‌బాల్ విలియమ్స్ చేతికి వెళ్ళినా, గ్లాసు మీద బాలీ అని ఉంటే బాలీ అనే రాయండి.

భీమవరం_బంపర్:
బ్యాక్‌గ్లాస్ రాకపోవడానికి కారణం పేరు. డైరెక్ట్‌బీ2ఎస్ ఫైలు (బ్యాక్‌గ్లాస్ ఫైలు) పేరు, టేబుల్ ఫైలు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఫైలు పేరులో 1.2 అని రాసి, తర్వాత 1.3 వేస్తే ఆ జత తెగిపోతుంది. అందుకే నడిచే ఫైలుకి స్థిరమైన పేరు పెట్టండి:

అటాక్ ఫ్రమ్ మార్స్ (బాలీ 1995).వీపీఎక్స్

వెర్షన్ నంబరు లైబ్రరీ రికార్డులో రాయండి. కొత్తది వచ్చినప్పుడు పాత టేబుల్, దాని బ్యాక్‌గ్లాస్ కలిపి ఒక జిప్ చేసి, టేబుల్స్ ఫోల్డరుకి బయట ‘పాతవి’లో పెట్టండి. అందులో చిన్న టెక్స్ట్ ఫైలు ఉండాలి: వెర్షన్, తేదీ, విజువల్ పిన్‌బాల్ (టేబుళ్ళని నడిపే ప్రోగ్రాం) ఏ వెర్షన్‌లో నడిచింది, ఏ రోమ్. తేదీ 2024-06-15 పద్ధతిలో రాయండి. వెర్షన్ నంబర్లని అక్షరాల లెక్కన వరస పెడితే 1.10 వచ్చి 1.9 కన్నా ముందు కూర్చుంటుంది, అసలు అది దాని తర్వాతిది.

వేరే ఎవరో చేసిన రంగుల మోడ్‌ని (మార్పులు చేసిన టేబుల్‌ని) 2.0 అనకండి. అది వేరే వరస. ఏ వెర్షన్ మీద చేశారో రాసి విడిగా పెట్టండి.

రాజోలు కంప్యూటరులో విజువల్ పిన్‌బాల్ 10.7 ఉంటే, 10.8లో సేవ్ చేసిన టేబుల్ అక్కడ సరిగ్గా నడుస్తుందన్న భరోసా లేదు. దానికి 10.7 కాలం నాటి వెర్షనే ఇవ్వండి. వీపీటీ ఫైళ్ళయితే విజువల్ పిన్‌బాల్ 9 లేదా అంతకు ముందువి, వాటికి ఆ పాత ప్రోగ్రామే పెట్టి వేరే విభాగంలో ఉంచండి.

పాలకొల్లు_ఫ్లిప్పర్:
అర్థమైందండి. వెర్షన్ మారితే హైస్కోర్లు పోతాయా?

అమలాపురం_టిల్ట్:
అది రోమ్ పేరు బట్టి. స్కోర్లు వీపిన్‌మేమ్‌లోని ఎన్‌వీరామ్ (మెషీన్ జ్ఞాపకం దాచే) ఫోల్డరులో రోమ్ పేరుతోనే ఉంటాయి. పాత, కొత్త వెర్షన్లు రెండూ ఏఎఫ్‌ఎమ్_113బి వాడితే స్కోర్లు ఒకటే. కొత్త వెర్షన్ స్క్రిప్టులో (టేబుల్‌ని నడిపే కోడ్‌లో) వేరే రోమ్ పేరుంటే మళ్ళీ మొదటి నుంచి. స్క్రిప్టులో సీగేమ్‌నేమ్ వరస చూస్తే తెలిసిపోతుంది. రోమ్ జిప్‌ని విప్పకండి, పేరు మార్చకండి.

భీమవరం_బంపర్:
ఇంకోటండి. టేబుల్స్ ఫోల్డరులో పాత కోర్.వీబీఎస్, కంట్రోలర్.వీబీఎస్ ఫైళ్ళు (టేబుళ్ళన్నీ పంచుకునే స్క్రిప్టులు) మిగిలి ఉంటే తీసేయండి. స్క్రిప్ట్స్ ఫోల్డరులో కొత్తవి ఉన్నా, ముందు అవే ఎక్కి ‘ఫంక్షన్ లేదు’ అని లోపం చూపిస్తాయి. వానాకాలం కాపీ మధ్యలో కరెంటు పోయినా ఫైలు అక్కడ ఉన్నట్టే కనిపిస్తుంది, కాబట్టి ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు పూర్తిగా వచ్చిందో లేదో చెప్పే సంకేతం) సరిపోల్చాకే పాత ఫైలు మీద కొత్తది పెట్టండి.