ఒక బొంత పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టాలా?

సూదీదారం:
చేతిలో ఉన్న బొంత పూర్తయ్యే వరకు కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టకూడదని అతుకుల బొంతలు కుట్టేవాళ్లలో ఒక నియమం ఉంది. పిల్లలు, పెద్దవాళ్లు, ఉద్యోగం అన్నీ ఉన్న ఇంట్లో ఈ నియమం పాటిస్తే ఏ బొంతా ముందుకు కదలదని నా వాదన. ఒప్పుకోనివాళ్లు రండి, వాదించుకుందాం.

బొంత అంటే అయిదారు వేర్వేరు పనులు. ఒక్కో పనికి ఒక్కో రకం సమయం కావాలి. ముక్కలు కోయాలంటే ఖాళీ బల్ల ఉండాలి, నిద్రమత్తు లేని తల ఉండాలి, దగ్గర్లో చిన్నపిల్లలు తిరగకూడదు. మూత తీసిన రోటరీ కట్టర్ (గుండ్రంగా తిరుగుతూ గుడ్డ కోసే కత్తి) బ్లేడుకు గుడ్డకీ వేలికీ తేడా తెలియదు. ముక్కలను జత చేసి కుట్టడం అలా కాదు, పావుగంట దొరికినా నాలుగు జతలు అయిపోతాయి. పై పొర, దూది, అడుగు గుడ్డ, ఈ మూడు పొరలూ పరచి కచ్చా కుట్లు వేయడానికి మాత్రం గదిలో సగం నేల, ఒక పూట సమయం, మోకాళ్లలో శక్తి కావాలి. మధ్యలో లేస్తే అడుగు పొర ముడతలు పడుతుంది. ఇక అంచు పట్టీ చేత్తో కుట్టడం, పక్కన పిల్లవాడు ఎక్కాలు అప్పజెబుతున్నా సాగిపోయే పని.

చేతిలో ఒకే బొంత ఉండి అది పొరలు పరిచే దశలో ఆగిందనుకోండి. ఆ పూట దొరికేదాకా మధ్యలో చిక్కిన పావుగంటలన్నీ వృథా. అందుకే మూడు వేర్వేరు దశల్లో మూడు బొంతలు ఉండాలంటాను. మూడే, నాలుగు కాదు.

మూడుపొరలు:
మూడే అని ఆగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదండీ. మూడు ఏడవుతాయి, ఏడు అలమారా అవుతాయి.

వస్తువు సంగతి కూడా ఆలోచించండి. పక్కన పెట్టిన బొంత పెట్టినట్టు ఉండదు. మడత పెట్టి వెలుతురు పడే చోట ఉంచితే మడత గీతల వెంబడి రంగు వెలిసిపోతుంది. దానంతట అదే మాయమయ్యే ఊదారంగు సిరాతో గీసిన కుట్టుగీతలు ఒకటి రెండు రోజుల్లోనే కనబడకుండా పోతాయి, వారానికోసారి కూర్చునేవాళ్లు మళ్లీ గీసుకోవాలి. నీళ్లతో పోయే నీలం సిరా ఇంకా ప్రమాదం. గీతలున్న సంగతి మరిచి ఇస్త్రీ పెట్టారా, ఆ వేడికి అవి గుడ్డలోనే ఉండిపోవచ్చు. గుడ్డ తక్కువ పడితే అదే అచ్చు మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు, దొరికినా వేరే అద్దకపు విడతలో రంగు కాస్త మారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కుట్టు వెడల్పు. అంచు నుంచి పావు అంగుళం వదిలి కుట్టాలని అందరికీ తెలుసు. ఆరు నెలల తర్వాత మళ్లీ కూర్చున్నప్పుడు సూది స్థానం కొద్దిగా మారి, అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోతోందనుకుందాం. రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి ఒక్కో కుట్టు దగ్గర ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరుసలో ఎనిమిది కుట్లుంటే ఏకంగా ఒక అంగుళం మాయం. పాత వరుసకూ కొత్త వరుసకూ పొత్తు కుదరదు. అప్పుడు విప్పడానికి కూర్చుంటారు, ఆ సమయం ఏ లెక్కలో వేస్తారు?

రాత్రికుట్లు:
ఒకటా మూడా అని మీరిద్దరూ తేల్చుకునే లోపు నాదొక మాట. మా ఇంట్లో మిషను అలమారా పైన ఉంటుంది. దించాలి, భోజనాల బల్ల ఖాళీ చేయాలి, ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు వెతకాలి, ఆగిన చోటు గుర్తు తెచ్చుకోవాలి. పావుగంట అక్కడే అయిపోతుంది. తర్వాత భోజనం వేళకు మళ్లీ అన్నీ సర్దాలి. మిషనుకు స్థిరమైన చోటు ఉన్నవాళ్ల లెక్కలు వేరు, లేనివాళ్ల లెక్కలు వేరు.

ఇంకో విషయం. ఇంట్లో ఎవరైనా ఫోనులో ఆట చూస్తుంటే "పనిలో ఉన్నాడు" అనుకొని పలకరించరు. నేను మిషను ముందు కూర్చుంటే మాత్రం ఖాళీగా ఉన్నానని అందరికీ తోస్తుంది. సాక్సులు ఎక్కడున్నాయో నన్నే అడుగుతారు. ఈ గొడవ తేలకుండా ఎన్ని బొంతలుంటే ఏమిటి?

సూదీదారం:
రాత్రికుట్లు గారూ, సాక్సుల విషయంలో మీతో నూరుపాళ్లు ఏకీభవిస్తాను. మిషను దించే సమయం గురించి మాత్రం ఒక మాట. అక్కడ పోయే పావుగంటలో ఎక్కువ భాగం గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది. లేచే ముందు అయిదు నిమిషాలు దానికి కేటాయిస్తే ఆ బాధ తప్పుతుంది.

నేను చేసేది చెబుతాను. లేచేటప్పుడు తర్వాత కుట్టాల్సిన నాలుగైదు జతలను ఎదురెదురుగా పెట్టి గుండుసూదులు గుచ్చుతాను. బాబిన్ (మిషను కింది దారం చుట్టే చిన్న చక్రం) నిండా దారం చుడతాను. అట్టముక్క మీద మూడు సంగతులు రాస్తాను: సూది ఏ స్థానంలో ఉంది, కుట్టు పొడవు ఎంత, ఏ వరుస కుట్లు ఎటువైపు మడిచి ఇస్త్రీ చేశాను. ఆ మూడోది రాయకపోతే రెండు వరుసలూ ఒకే వైపు మడిచి, కలిసే చోట గడ్డ కడుతుంది. ఎదురెదురు వైపులకు మడిస్తే ఒకదానిలో ఒకటి ఒదిగి మూలలు సరిగ్గా కలుస్తాయి. అట్టముక్క, సూదులు గుచ్చిన జతలు, మిగిలిన ముక్కలు అన్నీ ఒకే సంచిలో. సంచి మెడకు పట్టీతో ఒక చీటీ. ఆగిన చోటు ఇంత తేటగా ఉంటే మూడు బొంతలున్నా నాకు ఏదీ కొత్తగా అనిపించదు.

మూడుపొరలు గారి పదహారో వంతుకు కూడా విరుగుడు ఉంది. మళ్లీ కూర్చున్న ప్రతిసారీ ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పనికిరాని పట్టీలు పక్కపక్కన కుట్టి కొలవండి. మధ్య పట్టీ సరిగ్గా అంగుళం ఉండాలి. లేకపోతే సూది జరపాలి. దీనికి రెండు నిమిషాలు చాలు.

విశ్రాంతదర్జీ:
అమ్మా, నలభై ఏళ్లు దుకాణంలో మిషను తొక్కినవాడిని, ఇప్పుడు మనవలకు బొంతలు కుడుతున్నాను. ఒకటా మూడా అన్న ప్రశ్నే నాకు నచ్చలేదు. బొంత ఎంత పెద్దదో అడగండి. మంచం మొత్తాన్ని కప్పే బొంతను మూడు పొరలతో మిషను మెడ కింద దూర్చడమే ఇంట్లో కుట్టేవాళ్లను ఆపేసేది. బరువుకు గుడ్డ లాగుతుంది, భుజాలు పట్టేస్తాయి, కుట్లు వంకర పోతాయి. అక్కడే అందరూ "తర్వాత చూద్దాం" అంటారు.

నా పద్ధతి ఇది. ఒక్కో చదరాన్నీ విడిగా పై పొర, దూది పొర, అడుగు గుడ్డ కలిపి పూర్తిగా కుట్టేయడం. 12 అంగుళాల చదరాలు అడ్డంగా 5, నిలువుగా 6 కుడితే 60 అంగుళాలకు 72 అంగుళాల బొంత. అంటే 30 చిన్న పనులు. ఏ రోజుకారోజు ఒకటి పూర్తయిందని చేతిలో కనబడుతుంది. చివర్లో పట్టీలు వేసి కలపడమే.

దుకాణంలో నేర్చుకున్నది ఇంకొకటి: జత జతకూ దారం తెంచకండి. ఒకటి అయ్యాక వెనకే ఇంకొకటి మిషనులోకి తోయండి, తర్వాత అన్నీ ఒకేసారి కత్తిరించండి. దారమూ మిగులుతుంది, చేయీ ఆగదు. సూది కూడా సుమారు 8 గంటలు కుట్టాక మార్చేయండి. మొద్దు సూదితో కుట్టుకుంటూ మిషను మీద విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మూడుపొరలు:
దర్జీగారి మాట కాదనను, కానీ చదరాలు కలిపే చోట పట్టీల వల్ల మందం వస్తుంది, వెనకవైపు గళ్ల గీతలు కనబడతాయి. కప్పుకుంటే మామూలు బొంత ఒళ్లంతా ఒదిగినట్టు ఒదగదు. గోడకు వేలాడదీసేవాళ్లకు ఫరవాలేదేమో.

ఒకే బొంత మీద మనసు పెడితే ఏమవుతుందో చరిత్రలో ఉదాహరణ ఉంది. 1841 ఏప్రిల్‌లో రాజా అనే ఓడ ఇంగ్లండు నుంచి 180 మంది ఖైదీ స్త్రీలతో బయలుదేరి జూలైలో టాస్మానియా చేరింది. ఆ ప్రయాణంలో వాళ్లు 2,815 ముక్కలతో ఒక బొంత కుట్టి ముగించారు. అది ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో భద్రంగా ఉంది. ఒక బొంత, ఒక గడువు.

రాత్రికుట్లు:
ఓడలో శిక్షపడి వెళుతున్నవాళ్లతో మన ఇళ్లను పోలుస్తున్నారా! వాళ్లకు గుడ్డలు, సూదులు ఇచ్చిందే నెలల తరబడి చేతికి పని ఉండాలని. ఖైదీ స్త్రీల బాగు కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై నడిపిన స్త్రీల సంఘం ఇచ్చింది. పైగా అది ఒక్కరు కుట్టింది కాదు.

పోల్చాలంటే అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె స్త్రీలతో పోల్చండి. పొలం పని, పిల్లల పని అన్నీ చేసుకుంటూ, చిరిగిన పనిబట్టలు కోసి బొంతలు కుట్టారు. 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో అవి ప్రదర్శనకు వచ్చాయి. వాళ్ల పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది ఒకటే. పై పొర ఎవరికి వాళ్లు ఇంట్లో ఒంటరిగా, తోచినట్టు జత చేసుకునేవారు. పొరలు కలిపి కుట్టే దగ్గర తరచుగా నలుగురు కలిసి కూర్చునేవారు. ఒంటరిగా చేయలేని దశ ఏదో వాళ్లకు తెలుసు. మనమేమో ఆ దశ దగ్గరే ఒంటరిగా చతికిలపడి, ఒకటి కుట్టాలా మూడు కుట్టాలా అని చర్చ పెట్టుకుంటాం.

బొంతలఇంటాయన:
ఇంట్లో కుట్టేది నా భార్య, నేను మోసేవాడిని. బయటివాడి సాక్ష్యం అనుకోండి. పొరలు పరిచే రోజు ముందే చెబితే నేనూ పిల్లలూ నాలుగు మూలలు పట్టుకుంటాం, అడుగు గుడ్డను నేలకు టేపుతో బిగిస్తాం, పిన్నీసులు గుచ్చుతాం. అరపూటలో అయిపోతుంది. చెప్పకుండా హాలంతా పరిచి "ఎవరూ తొక్కకండి" అంటేనే గొడవ. చాలా ఇళ్లలో అసలు అడగరేమో అని నా అనుమానం.

కొత్తసూది:
అక్కలందరికీ ఒక సందేహం. చంటిబిడ్డ కోసం 36 అంగుళాలకు 48 అంగుళాల పై పొర మొదలుపెట్టాను. అది పూర్తయ్యేసరికి పిల్లవాడు పరుగులు పెడుతున్నాడు. ఇప్పుడు దీన్ని ఇలాగే ముగించాలా, పెద్దది చేయాలా?

మూడుపొరలు:
పెద్దది చేయమ్మా. చుట్టూ 6 అంగుళాల అంచు వేస్తే 48కి 60 అవుతుంది, బడి ఈడు వచ్చేదాకా పనికొస్తుంది. కుట్లలో పోయే అర అంగుళం కలిపి పట్టీలు ఆరున్నర వెడల్పు కోసుకో. కొత్త బొంత ఆలోచన పెట్టుకోకుండా ముందు దీన్ని మంచం మీదికి చేర్చు.

సూదీదారం:
చివరి వాక్యం తప్ప మిగతాదంతా వినండి. ఈ పట్టీలు పావుగంటల్లో అయ్యే పనే. పొరల పూట కోసం ఇంట్లో ముందే చెప్పి పెట్టండి. ఈలోగా చేతులు ఖాళీగా ఉంచుకోనక్కర్లేదు.

కొత్తసూది:
అంచు కోసం ఇప్పుడే కొలిచాను. పై అంచు దగ్గర 36న్నర, కింద 36 పావు, మధ్యలో 36 వచ్చింది. పట్టీ ఏ కొలతకు కోయాలి?

విశ్రాంతదర్జీ:
మధ్య కొలతకే కోయి తల్లీ. అంచులు చేతుల్లో పడి సాగి ఉంటాయి. పట్టీని సగానికీ పావుకీ మడిచి గుర్తులు పెట్టు, బొంత అంచుకూ అలాగే పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి సూదులు గుచ్చు. ఎక్కువగా ఉన్న బొంత గుడ్డను, గుడ్డను ముందుకు లాగే మిషను పళ్లవైపు, అంటే కిందికి ఉంచి కుట్టు. ఆ అర అంగుళాన్ని పళ్లే లోపలికి లాక్కుంటాయి. సాగదీసి పట్టీని సరిపెట్టావంటే మాత్రం అంచు అలలు అలలుగా లేస్తుంది, ఇస్త్రీ పెట్టినా దిగదు.