మిషిగన్‌లో ఈఈఈ కేసు: ఆగస్టులో టీకా మొదలుపెడితే గుర్రానికి ఉపయోగం ఉంటుందా?

జీను_లగాము:
మేముండేది కలమజూ దగ్గర. పక్క కౌంటీలో ఒక గుర్రానికి ఈస్టర్న్ ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్ (దోమల ద్వారా సోకి మెదడు వాచే వైరస్ జబ్బు), అదే ఈఈఈ, తేలింది. మా దగ్గర రెండు గుర్రాలున్నాయి. ఆడగుర్రానికి ఏటా టీకాలు పడుతున్నాయి, చివరిది ఏప్రిల్‌లో. నాలుగేళ్ల గెల్డింగ్‌ని (విత్తులు తీసిన మగగుర్రాన్ని) జూన్‌లో కొన్నాం. అన్నీ వేయించామని పాత యజమాని అన్నారు గానీ కాగితం ఏదీ ఇవ్వలేదు. శాల వెనకాలే జమ్ము పెరిగిన చిత్తడి నేల.
ఆగస్టు సగం దాటింది కదా, ఇప్పుడు టీకా మొదలెడితే లాభమా? ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుతుందా, విడివిడిగా కట్టాలా? తొట్టిలో దోమల డంక్ (దోమ పిల్లపురుగుల్ని చంపే మందు బిళ్ల) వేస్తే ఆ నీళ్లు గుర్రాలు తాగొచ్చా?

గిట్టల_వెట్:
కాగితం లేదంటే టీకా పడలేదనే లెక్క. ముందే పడి ఉన్నా మళ్లీ వేస్తే నష్టం లేదు. వదిలేస్తే మాత్రం ముప్పు పెద్దది: టీకా లేని గుర్రాల్లో ఈఈఈ లక్షణాలు మొదలైతే పదింట తొమ్మిది దాకా చనిపోతాయి. దోమలతోనే వచ్చే ఇంకో వైరస్ జబ్బు వెస్ట్ నైల్‌లో అది సుమారు మూడింట ఒకటి.

గెల్డింగ్‌కి ఈ వారమే మొదటి డోసు వేయించండి. ఈఈఈ, డబ్ల్యూఈఈ (అదే జబ్బులో వెస్టర్న్ రకం), వెస్ట్ నైల్, ధనుర్వాతం కలిపిన టీకా ఉంటుంది; 1 మి.లీ., మెడ కండలోకి. రెండో డోసు లేబుల్‌ని బట్టి 3–4 వారాలకు. ఇవి నిర్వీర్యం చేసిన వైరస్‌తో చేసే టీకాలు కాబట్టి ఒక్క డోసుతో గట్టి రక్షణ రాదు. రెండోది పడ్డాక ఇంకో రెండు వారాలు కావాలి. అంటే ఎంత త్వరపడినా సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదలు. అప్పటిదాకా ఆ గుర్రానికి దోమ కుట్టకుండా చూసుకోవడమే దిక్కు. అయినా వేయించమంటున్నాను. దోమల్ని చంపే గట్టి మంచు ఏ ఏడు ఎప్పుడు పడుతుందో చెప్పలేం, పైగా రెండు డోసులూ ఇప్పుడు పూర్తయితే వచ్చే వసంతంలో ఒక్క బూస్టర్‌తో సరిపోతుంది. చాలామంది పొరపాటు చేసేది రెండో డోసు దగ్గరే: చలి మొదలైందని మానేస్తారు, వసంతంలో బూస్టర్ ఒకటి వేయించి నిశ్చింతగా ఉంటారు. అది బూస్టర్ కాదు, మళ్లీ మొదటి డోసే.

ఆడగుర్రానికి ఇప్పుడే ఒక బూస్టర్ వేయించడం మంచిది. ఈఈఈ ఎక్కువగా వచ్చే చోట ఏడాదికి రెండుసార్లు వేయడం మామూలే.

అంటువ్యాధి కాదు. ఈఈఈ పక్షుల్లో తిరిగే వైరస్. జబ్బుపడ్డ గుర్రాన్ని కుట్టిన దోమకు ఎక్కేంత వైరస్ దాని రక్తంలో ఉండదు, కాబట్టి విడదీయనక్కర్లేదు. ఈ ఎన్‌సెఫలైటిస్‌లోనే వెనిజులా రకం వేరే సంగతి. అందులో దోమలకు వైరస్ ఎక్కేది గుర్రాల నుంచే, అందుకే 1971లో టెక్సాస్‌కి పాకినప్పుడు గుర్రాల రాకపోకలు ఆపి మూకుమ్మడిగా టీకాలు వేశారు.

చిత్తడి_నేల:
డంక్ వేసిన నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. అందులో ఉండేది బీటీఐ అనే బాక్టీరియా, అది దోమ పిల్లపురుగుల పేగుల్లోనే పనిచేస్తుంది. ఒక డంక్ 100 చదరపు అడుగుల నీటికి నెల రోజులు వస్తుంది. చిన్న తొట్టికి పావు ముక్క చాలు. ఎండాకాలంలో గుడ్డు దోమ కావడానికి 7–10 రోజులు పడుతుంది కనుక, నాలుగు రోజులకోసారి తొట్టి ఒంపి రుద్ది కడిగితే అసలు డంకే అక్కర్లేదు.

అయితే తొట్టిలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్, వెస్ట్ నైల్ మోసేది. ఈఈఈ దారి వేరు. చిత్తడి అడవుల్లో చెట్ల వేళ్ల కింది నీటి గుంతల్లో పెరిగే క్యూలిసెటా మెలనూరా వైరస్‌ని పక్షుల మధ్య తిప్పుతుంది గానీ గుర్రాన్ని అరుదుగా కుడుతుంది. గుర్రం దాకా తెచ్చేవి పక్షినీ పశువునీ రెండింటినీ కుట్టే దోమలు. వాటిలో కోక్విలెటిడియా పెర్టర్బన్స్ అనేదాని పిల్లపురుగు జమ్ము వేళ్లలో గొట్టం గుచ్చి అక్కణ్నుంచే గాలి పీల్చుకుంటుంది, నీటి పైకి రాదు. నీటి మీద తేలే మందులు, నూనెలు దాన్నేమీ చేయలేవు. మీ వెనక ఉన్నది జమ్మే కాబట్టి డబ్బు, శ్రమ చిత్తడి మీద కాదు, గుర్రం మీద పెట్టండి.

పొద్దు వాలకముందే లోపల కట్టి, బాగా తెల్లారాకే వదలండి. రాత్రి శాలలో దీపాలు ఆర్పేయండి. ప్రతి గదికీ ఒక ఫ్యాన్, గాలి గుర్రం ఒంటి మీదుగా పోయేలా; గాలికి దోమ ఎగరలేదు. ఇళ్లల్లో వాడే బాక్స్ ఫ్యాన్ మాత్రం వద్దు. దాని మోటారులోకి గడ్డి దుమ్ము చేరి వేడెక్కి నిప్పంటుకుంటుంది. మోటారు పూర్తిగా మూసి ఉన్న వ్యవసాయ ఫ్యాన్ తీసుకోండి. దోమల మందు పెర్మెత్రిన్ స్ప్రే కడుపు కింద, కాళ్లకు మరవకుండా కొట్టండి, చెమట పడితే మళ్లీ కొట్టాలి. ముఖానికి గుడ్డతో అద్దండి. శాలలో పిల్లి ఉంటే ఆరేదాకా దగ్గరికి రానివ్వొద్దు, పెర్మెత్రిన్ పిల్లులకు విషం.

జీను_లగాము:
చాలా థాంక్సండీ. రేపే వెట్‌కి ఫోన్ చేస్తాను. ఈలోపే సోకితే ముందు ఏం కనబడుతుంది?

గిట్టల_వెట్:
దోమ కుట్టిన 5–14 రోజులకు జ్వరం, మేత మానడం, దిగాలు. రోజూ పొద్దునా సాయంత్రం జ్వరం చూసి రాసి పెట్టుకోండి. మామూలుగా 99–101 ఫారెన్‌హీట్. ఆపైన నడక తూలడం, గోడకు తల ఆనించి నెట్టడం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, చూపు ఆనకపోవడం. ఈ లక్షణాలు మొదలైన రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మూతి, మెడ కండలు అదురుతుంటే వెస్ట్ నైల్‌ని కూడా అనుమానించాలి.

ఇవే లక్షణాలు రేబిస్‌లోనూ ఉంటాయి. గ్లోవ్స్ లేకుండా నోట్లో చేయి పెట్టొద్దు. మింగలేని గుర్రానికి మందు పేస్టు, నీళ్లు నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వైరస్‌ని చంపే మందు లేదు. సెలైన్, వాపు తగ్గించే మందులతో నిలబెట్టాలి. వాటిలో ఒకటైన ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మి.గ్రా., అంటే 450 కిలోల గుర్రానికి 50 మి.గ్రా. బలమున్నది సుమారు 10 మి.లీ., వెట్ చెప్పాక, నరానికే. కండలోకి ఇస్తే అక్కడ కుళ్లు పట్టి ప్రాణం మీదికి వచ్చిన గుర్రాలున్నాయి. కింద గడ్డి మందంగా పరిచి, పడుకున్నదాన్ని కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి.

పరీక్షకు రక్తం పంపేటప్పుడు టీకా తేదీలు కాగితం మీద తప్పక రాయించండి. అవి లేకపోతే యాంటీబాడీలు జబ్బువా టీకావా అని తేల్చడం కష్టమవుతుంది. అనుమానం వచ్చినా రాష్ట్ర వ్యవసాయ శాఖకు తెలపాల్సిందే, ఆ పని మీ వెట్ చూసుకుంటారు.