విలియం క్నూడ్సెన్ గురించి విద్యార్థులకు ఏం చెప్పాలి?

పాలిటెక్నిక్ పంతులు (ప్రశ్న):
మా కళాశాలలో మెకానికల్ రెండో సంవత్సరం విద్యార్థులకు వారానికొక ఇంజనీరు జీవితాన్ని పరిచయం చేస్తున్నాము. ఈసారి డెన్మార్క్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన విలియం క్నూడ్సెన్‌ను ఎంచుకున్నాను. ఆయన 1879 మార్చి 25న కోపెన్‌హాగెన్‌లో ఒక కస్టమ్స్ ఉద్యోగి ఇంట పుట్టి, ఇరవై ఏళ్ల ప్రాయంలో 1900లో న్యూయార్క్ చేరి, 1948 ఏప్రిల్ 27న డెట్రాయిట్‌లో కన్నుమూశారు. అయితే నాకు దొరికిన వ్యాసాలన్నీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన నిర్వహించిన పదవుల చుట్టూనే తిరుగుతున్నాయి. పదవుల జాబితా చదివి వినిపిస్తే పిల్లలు ఆవులించడం ఖాయం. ఆయన ఇంజనీరుగా చేసిన అసలు పని ఏమిటో, ఇంట్లో ఎటువంటి మనిషో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

టూల్‌రూమ్:
పంతులుగారూ, మీరు పదవుల దగ్గర కాకుండా రేకులు నొక్కే ప్రెస్ యంత్రం దగ్గర మొదలుపెట్టండి. న్యూయార్క్‌లో దిగిన క్నూడ్సెన్‌కు మొదట దొరికినది ఓడల యార్డులో రివెట్ల పని. ఆ తరువాత సాలమాంకాలోని ఈరీ రైల్వే షాపులో బాయిలర్ల మరమ్మతు చేశారు. 1902 ప్రాంతంలో బఫెలో నగరంలోని జాన్ ఆర్. కీమ్ మిల్లులో చేరారు. అది సైకిల్ భాగాలు చేసే కర్మాగారం. సైకిళ్ల గిరాకీ పడిపోయినప్పుడు ఆ మిల్లు ఉక్కు రేకును డైలో, అంటే ఉక్కు అచ్చులో, పెట్టి నొక్కి మోటారు కార్ల భాగాలు తయారుచేసే పనికి మళ్లింది. ఫోర్డ్ మోడల్ టీ కారుకు కావలసిన ఇరుసును కప్పి ఉంచే యాక్సిల్ హౌసింగ్‌లు, ఇంజను అడుగున ఉండే క్రాంక్‌కేస్ తొట్టెలు అక్కడే తయారయ్యేవి. పోతపోసి, ఆపైన లేత్ మీద చెక్కి చేయవలసిన బరువైన వస్తువును రేకుతో, కొద్దిపాటి ప్రెస్ దెబ్బలతో తెమల్చడమంటే బరువూ ఖర్చూ రెండూ ఎంత తగ్గుతాయో మీ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

1911లో ఫోర్డ్ ఆ మిల్లును కొన్నప్పుడు దానితోపాటు క్నూడ్సెన్ కూడా ఫోర్డ్ మనిషయ్యారు. పూర్తిగా బిగించిన కార్లను రైలు వ్యాగన్లలో పంపితే చోటంతా వృథా అవుతుంది కనుక, విడిభాగాలను పంపి ఎక్కడికక్కడ బిగించుకొనే ప్లాంట్లను దేశమంతటా నెలకొల్పే బాధ్యత ఆయన మీద పడింది. ఆయన ఇచ్చిన ఆదేశాలను యజమాని హెన్రీ ఫోర్డ్ తిరగరాయడం ఎక్కువైపోవడంతో 1921లో ఫోర్డ్‌ను విడిచి, మరుసటి ఏడాది జనరల్ మోటార్స్‌లో చేరి, 1924లో షెవర్లే విభాగానికి అధ్యక్షుడయ్యారు. ఈ షెవర్లేను మూసివేయడమే మేలని అంతకు మునుపు సలహాదారులు చెప్పి ఉన్నారు!

నా దృష్టిలో ఆయన అసలైన ఇంజనీరింగ్ ఇక్కడే ఉంది. ఫోర్డ్ ప్లాంట్లలో చాలా యంత్రాలు ఒక్క మోడల్ టీ భాగానికి మాత్రమే పనికివచ్చేవి కావడంతో, 1927లో కొత్త మోడల్‌కు మారవలసి వచ్చినప్పుడు నెలల తరబడి ఉత్పత్తి ఆగిపోయింది. క్నూడ్సెన్ మాత్రం ఫిక్స్చర్లు (పనిముక్కను యంత్రం మీద బిగించి పట్టే అమరికలు) మార్చుకుంటే మరొక పనికి పనికివచ్చే ప్రామాణిక యంత్రాలను పెట్టించారు. ఆ కారణంగానే 1929 మోడల్‌కు నాలుగు సిలిండర్ల ఇంజను నుంచి ఆరు సిలిండర్ల ఇంజనుకు షెవర్లే కొద్ది వారాల్లోనే మారగలిగింది.

డెట్రాయిట్ శివారు:
ఇంటి సంగతి నేను చెబుతాను. 1911లో బఫెలోలో ఆయనకు క్లారా యూలర్‌తో వివాహమైంది. వారికి ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు. కొడుకు సీమన్‌ను అందరూ బంకీ అనేవారు. పద్నాలుగేళ్ల వయసులో ఆ అబ్బాయి కారు కావాలని అడిగితే, తండ్రి కాదనకుండా కొత్త షెవర్లేనే ఇచ్చారు, కానీ విడిభాగాల రూపంలో. బంకీ వాటిని ఒక్కొక్కటిగా బిగించుకొని కారును నడిపించాడు. గారాబమూ క్రమశిక్షణా ఒకే పెట్టెలో పెట్టి అందించిన ఈ తండ్రిని చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. ఆ కుర్రవాడే అమెరికాలోని ఎమ్‌ఐటీ సాంకేతిక విద్యాలయంలో చదివి, 1956లో జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ కార్ల విభాగానికి అధిపతి అయ్యాడు. తండ్రి విడిచి వచ్చిన ఫోర్డ్ కంపెనీకే 1968లో అధ్యక్షుడిగా వెళ్లాడు. అక్కడ రెండేళ్లు కూడా నిలవనివ్వలేదనుకోండి, అది వేరే కథ.

1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. ఆ మే నెలాఖరులో యుద్ధ సామగ్రి ఉత్పత్తిని నడిపించడానికి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పిలవగానే, అప్పటికి జనరల్ మోటార్స్ అధ్యక్షుడిగా ఉన్న క్నూడ్సెన్ పెద్ద జీతాన్ని వదులుకొని ఏడాదికి ఒక్క డాలరు జీతం మీద వాషింగ్టన్ వెళ్లారు. ఈ దేశం తనకెంతో చేసిందని, ఆ రుణం తీర్చుకోవాలని ఆయన చెప్పినట్లు ప్రసిద్ధి. పుట్టిన దేశం శత్రువు చేతిలో ఉన్న రోజులవి అన్న విషయాన్ని మాత్రం పిల్లలకు తప్పక గుర్తుచేయండి.

రెండో షిఫ్ట్:
మీరిద్దరూ చెప్పినది నిజమే కానీ, పూలదండ కాస్త బరువెక్కుతోంది. 1936 డిసెంబరు చివర ఫ్లింట్ నగరంలోని జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మెకు దిగి ప్లాంట్లలోనే బైఠాయించినప్పుడు, కంపెనీ పక్షాన కూర్చున్న ముఖ్యులలో ఈయన ఒకరు. 1937 ఫిబ్రవరి 11న కుదిరిన ఒప్పందంతో యూనియన్ గుర్తింపు పొందింది. షాపు పని చేసి పైకి వచ్చిన మనిషి ఆ బేరసారాల్లో రెండో వైపున ఉన్నాడన్న సంగతి దాచకూడదు.

వాషింగ్టన్‌లోనూ అంతా సాఫీగా జరగలేదు. 1940 అక్టోబరులోనే ఆయన కార్ల కంపెనీలను సమావేశపరచి విమాన భాగాలు చేయమని కోరిన మాట వాస్తవమే. అయినా 1941 అంతా ఆ ప్లాంట్లలో మామూలు కార్లు తయారవుతూనే ఉన్నాయి. పరిశ్రమను గట్టిగా మందలించలేకపోయాడన్న విమర్శ ఆయన మీద వచ్చింది, అది అన్యాయమైన విమర్శ అని నేననుకోను. 1942 జనవరిలో, యుద్ధ ఉత్పత్తి కోసం ఆయన నడుపుతున్న ప్రభుత్వ సంస్థను రద్దు చేశారు. ఆ వెంటనే నేరుగా లెఫ్టినెంట్ జనరల్ హోదాతో సైన్యంలోకి తీసుకొన్నారు. పౌర జీవితం నుంచి నేరుగా ఆ హోదా అందుకొన్నవారు అమెరికా సైన్య చరిత్రలో మరొకరు లేరు. ఆ తరువాత 1945 వరకు ఆయన చేసిన పని, ఏ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగితే అక్కడికి వెళ్లి కారణం కనుక్కొని సరిచేయించడం. బల్ల ముందు కూర్చొన్నప్పటి కంటే ఆ పనిలోనే ఆయన ఎక్కువ రాణించారు.

పాలిటెక్నిక్ పంతులు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. మా వర్క్‌షాపులో ఉన్న చిన్న ఫ్లై ప్రెస్ (చేత్తో తిప్పే మర ప్రెస్) మీద రేకు మూత ఒకటి నొక్కి చూపించి, కీమ్ మిల్లు కథతో పాఠం ప్రారంభిస్తాను. ఫిక్స్చర్ల సంగతికి ఎక్కువ సమయం కేటాయించి, ఫ్లింట్ సమ్మెను చర్చకు వదిలిపెడతాను. మోడల్ టీ క్రాంక్‌కేస్ తొట్టెను అడుగు వైపు నుంచి స్పష్టంగా చూపించే ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరు.