ఎలుక పంటి బొడిపెకు రెండు పేర్లెందుకు?

ప్రశ్న: రెండు రోజులుగా మైక్రోస్కోపు కింద ఎలుక పైదవడ మొదటి చర్వణకాన్నే (నమిలే పన్ను) చూస్తున్నాను. అడ్డంగా మూడు వరుసల బొడిపెలు. నాలుక వైపువి కాస్త వెనక్కి జరిగి ఉన్నాయి. నట్టనడిమి దాన్ని ఒక పేపర్లో ‘టీ5’ అన్నారు, ఇంకోదాంట్లో ‘ప్రోటోకోన్’. ఏది రాయాలి?

జవాబు: టీ1 నుంచి టీ9 దాకా అంకెలు 1912లో జంతుశాస్త్రవేత్త మిల్లర్ పెట్టినవి. అవి చోటును మాత్రమే చెబుతాయి. ప్రోటోకోన్ అనేది క్షీరదాల పై చర్వణకాల్లో ఒక ముఖ్యమైన బొడిపె పేరు; అలా రాశారంటే, మిగతా క్షీరదాల ప్రోటోకోన్‌కూ దీనికీ మూలం ఒకటేనని ఒప్పుకున్నట్టే. హామ్‌స్టర్ పంటితో పోల్చి చూడండి: దానికి బొడిపెలు నిలువుగా రెండే వరుసలు. ఎలుకలో నాలుక వైపు ఉండే టీ1, టీ4లకు అక్కడ జోడీ దొరకదు, అంటే అవి ఎలుకల్లో తర్వాత చేరినవి. పరిణామం కథంతా అక్కడే ఉంది!

ఇంకో జవాబు: కింది పన్నైతే చివర ‘ఇడ్’ చేర్చండి, ప్రోటోకోనిడ్ అని. బాగా అరిగిన పళ్లను పక్కన పెట్టండి, బొడిపెలు కలిసిపోయి లేని గట్టు ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: నా రెండో నమూనా అరిగిందే! లేత ఎలుక పన్ను తీసి మళ్లీ చూస్తాను.