గ్రేట్ డేన్‌కి గిన్నె స్టాండు మీద పెట్టాలా, నేల మీదా?

పటమట_డేన్: పెద్ద జాతి కుక్కకి స్టాండు మీద గిన్నె పెడితే మెడ వంచక్కర్లేదు, గాలి మింగదు, కడుపు ఉబ్బి మెలిపడదు. నేల మీదే పెట్టమనేవాళ్లు ఆధారం చూపండి.

బ్రాడీపేట_వెట్: ఆధారం మీ మాటకి ఎదురుగానే ఉందండీ. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు పెద్ద, భారీ జాతుల కుక్కల్ని గమనించి 2000లో ప్రచురించిన పరిశీలనలో, ఎత్తు మీద తినేవాటికే ముప్పు ఎక్కువని తేలింది. తర్వాతి కొన్నిటిలో ఆ తేడా కనబడలేదు గానీ, స్టాండు కాపాడుతుందనడానికి ఆధారమైతే లేదు. మెడనొప్పి ఉన్న కుక్క సంగతి వేరు.

గుణదల_కెనెల్: గిన్నె కంటే పూటలు ముఖ్యం. రోజు తిండంతా రాత్రి ఒక్కసారే పెడితే కడుపు సాగి బరువుతో వేలాడుతుంది. రెండు మూడు పూటలుగా పంచండి. గబగబా మింగే కుక్కైతే దాని నోట పట్టనంత గుండ్రాయి గిన్నె మధ్యలో పెట్టండి, చుట్టూ ఏరుకుని తింటుంది. రెండు కుక్కలుంటే వేరే గదుల్లో పెట్టండి, పోటీ పడి మింగవు.

పటమట_డేన్: తిన్నాక నీళ్లు ఆపాలంటారు, అదీ తప్పేనా?

బ్రాడీపేట_వెట్: మన మే నెల ఎండల్లో నీళ్లు ఆపితే వడదెబ్బ తగలొచ్చు. గిన్నెలో ఎప్పుడూ నీళ్లుండాలి, అప్పుడు ఒక్కసారిగా తాగదు. తిన్నాక గంటా రెండు గంటలు దూకుళ్లు మాన్పించండి, మెల్లగా నడిపిస్తే ఫర్వాలేదు. కానీ ముప్పు పెంచే లోతైన ఇరుకు ఛాతీని, పైబడే వయసుని, తల్లికో తోబుట్టువుకో ఇదే వచ్చిన చరిత్రని ఏ గిన్నె మారుస్తుంది? డేన్‌కి జీవితకాలంలో కడుపు ఉబ్బే ముప్పు 42 శాతమని పర్డ్యూ వాళ్లే అంచనా వేశారు. అందుకే కడుపుని కుడివైపు పొట్టగోడకి కుట్టించమంటాను. ఆడకుక్కకి గర్భసంచి తీసేటప్పుడే చేయించొచ్చు. ఉబ్బరం రాకుండా ఆపదు, మెలిక పడకుండా ఆపుతుంది.

పటమట_డేన్: పూటలు పంచడం ఒప్పుకుంటా. ఆరోగ్యంగా ఉన్న కుక్కని కోయించడం మాత్రం ఒప్పుకోలేను.

బ్రాడీపేట_వెట్: మెలిపడ్డాక ఎలాగూ కోయాల్సిందే, అదీ షాక్‌లో ఉన్న కుక్కని. అప్పుడు ఆపరేషన్ చేసినా కొన్ని దక్కవు.

గుణదల_కెనెల్: కుట్టించకపోతే ఇదైనా గుర్తుంచుకోండి. వాంతికి పదే పదే ఓకరించినా నురగ తప్ప ఏమీ రాకపోవడం, చొంగ, ఒకచోట నిలవలేకపోవడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే ఈనో పట్టించకండి. దాంతో ఇంకా గ్యాస్ పుడుతుంది, మెలిపడిన కడుపుకి బయటికి దారి లేదు. తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రిపూట ఎక్స్‌రే, సర్జరీ రెండూ ఎక్కడ దొరుకుతాయో ఇవాళే కనుక్కుని నంబరు గోడ మీద రాసి పెట్టండి.