ఛాఫ్ కొట్టినా సీకర్ మిస్సైల్ వదలట్లేదు, ఎలైట్ డేంజరస్ అంతరిక్ష గేమ్ ఆడేవాళ్లు చెప్పండి

కావలి కమాండర్: మైనింగ్ చేసుకుని కోబ్రా మార్క్ త్రీ ఓడ నిండా సరుకుతో వస్తున్నా. పైరేట్ ఒకడు నన్ను దారిలో ఇంటర్‌డిక్ట్ చేసి, అంటే బలవంతంగా ఆపి, సీకర్ మిస్సైళ్లు వదిలాడు. ఛాఫ్ (గురి చెదరగొట్టే రేకు ముక్కలు) కొట్టా, మళ్లీ కొట్టా, ఒక్కటీ దారి తప్పలేదు. షీల్డ్ అప్పటికే పోయింది, తర్వాత థ్రస్టర్లూ పోయాయి. ఇది బగ్గా? వచ్చే మిస్సైళ్లని కాల్చే పాయింట్ డిఫెన్స్ ఓడ పైన పెట్టాలా, కిందా? ఓడ వేడిని లాగేసి బయట పడేసే హీట్ సింక్ ఎప్పుడు వదలాలి?

ఒంగోలు గిత్త: బగ్ లేదు, ఏం లేదు. ఈ గేమ్‌లో ఛాఫ్ పనిచేసేది గింబల్, టరెట్ తుపాకుల మీద. వాటంతట అవి గురి చూసుకుంటాయి కదా, ఆ గురి చెదురుతుంది. సీకర్ పట్టుకునేది వేడిని. దానికి ఛాఫ్‌తో ఏం పని? కోబ్రాకి ఇలాంటి పరికరాలు పెట్టుకునే యుటిలిటీ స్లాట్లు ఉండేదే రెండు. రెంటిలోనూ ఛాఫ్ పెట్టుంటావు, చెప్పక్కర్లేదు.

కావలి కమాండర్: రెంటిలోనూ అదే అన్నా.

పెన్నా ఒడ్డు: ఛాఫ్ మిస్సైల్ మీద పనిచేయదని ఎవరు చెప్పారు? 1943లో హాంబర్గ్ మీద బాంబులేసిన రోజు ఇంగ్లీషు వాళ్లు అల్యూమినియం రేకుల చీలికలు చల్లితే జర్మన్ల రాడార్లు గుడ్డివైపోయాయి. మా బావ శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో పనిచేస్తాడు, కాస్త తెలిసే మాట్లాడుతున్నా.

ఒంగోలు గిత్త: మీరే రాడార్ అన్నారు, బాగుంది. వేడి వెంట వచ్చే మిస్సైల్‌కి నిజం విమానాలు కూడా ఫ్లేర్ వదులుతాయి, ఛాఫ్ కాదు. అయినా షార్‌లో ఎగరేసేది ఉపగ్రహాలు. క్షిపణి పరీక్షలంటే ఒడిశాలో చాందీపూర్ వైపు. బావగారిని అడిగి చూడండి.

పెన్నా ఒడ్డు: మర్యాదగా మాట్లాడు. మా నెల్లూరు జిల్లాలో ఉన్నదాని గురించి ఒంగోలు నుంచి నువ్వు నాకు చెప్తావా?

సూళ్లూరుపేట వాడు: 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడే శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. ఇప్పుడది మీది కాదు, మాది 😀

పెన్నా ఒడ్డు: కాగితం మీద ఏ జిల్లా అయితేనేం! రాకెట్ లేస్తే మా మేడ మీదికి కనపడుతుంది.

సూళ్లూరుపేట వాడు: మా ఇంట్లో కిటికీలు అదురుతాయి.

చీమకుర్తి రాయి: మైనింగ్ ఓడలో ఆయుధాలు ఎందుకయ్యా అసలు? సరుకు నింపుకున్నాక నేనెప్పుడూ ఆగి పోరాడను. ఇంటర్‌డిక్ట్ చేస్తే లొంగిపోయి వేగం తగ్గించు, కిందికి దిగగానే బూస్ట్ కొట్టు, మళ్లీ జంప్. పగలంతా క్వారీలో దుమ్ము తిని రాత్రి ఇక్కడా రాయి కొట్టుకునేవాడిని, నాకు యుద్ధాలొద్దు.

సారు గారు: నిజం క్షిపణి సాధారణంగా మన వెనకే పరిగెత్తదు. తన నుంచి మన వైపు గీసిన చూపు రేఖ దిశ మారకుండా తిరుగుతూ, మనం చేరబోయే చోటికి వస్తుంది. దీన్ని ప్రపోర్షనల్ నావిగేషన్ అంటారు. పైగా శూన్యంలో రెక్కలు పనిచేయవు, మలుపు తిరగాలంటే ఇంధనం మండాల్సిందే. ఓడ వేడి కూడా రేడియేషన్ రూపంలో తప్ప పోదు కాబట్టి అంతరిక్షంలో దాక్కోవడం…

బుచ్చి బుల్లోడు: సార్, క్లాసు బాగుంది. ఆయన అడిగింది హీట్ సింక్ ఎప్పుడు వదలాలని.

బుచ్చి బుల్లోడు: మిస్సైల్ గురి మన మీద లాక్ పడుతోందని తెలియగానే వదలాలి, మిస్సైల్ వచ్చి తోక పట్టుకున్నాక కాదు. వేడి పడిపోతే లాక్ నిలబడదు. సైలెంట్ రన్నింగ్ కూడా ఉందనుకో, కానీ అందులో షీల్డులు పోతాయి, బయటికి పోని వేడి లోపలే పెరిగి ఓడనే కాలుస్తుంది. సరుకు ఓడకి అది వద్దు.

అనకొండ రెడ్డి: మీరంతా చిన్న ఓడల వాళ్లు. నా అనకొండకి ఎనిమిది యుటిలిటీలు. పాయింట్ డిఫెన్సులు పైనా కిందా పెట్టా, వచ్చిన మిస్సైల్ వచ్చినట్టే గాల్లో పేలిపోతుంది.

ఒంగోలు గిత్త: గాలి ఎక్కడుంది రెడ్డిగారూ అక్కడ? గుంపుగా మిస్సైళ్లు వదిలే ప్యాక్‌హౌండ్ వాడు ఎదురుపడితే చెప్పండి. ఒకేసారి అన్ని వస్తే మీ పాయింట్ డిఫెన్స్ ఏది కాల్చాలో తేల్చుకునేలోపే అయిపోతుంది.

అనకొండ రెడ్డి: రా మరి ఆదివారం, చూసుకుందాం.

పాత ఎలైట్: 1984 నాటి మొదటి ఎలైట్‌లో ఈ గోలేం లేదు. ఈసీఎం (మిస్సైళ్లని ఎదుర్కొనే ఎలక్ట్రానిక్ పరికరం) ఒక్క మీట నొక్కితే ఎగురుతున్న మిస్సైళ్లన్నీ మాయం, మనవి కూడా. మా స్కూలుకి క్లాస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ చదువుల ప్రాజెక్టు కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి, కానీ గదికి తాళం వేసి ఉంచేవాళ్లు. దాని మీద ఆ గేమ్ నడుస్తుందని కూడా మాకు తెలియదు. తర్వాత ఎప్పుడో ఎమ్యులేటర్‌లో ఆడా.

బుచ్చి బుల్లోడు: ఇప్పుడూ ఈసీఎం ఉంది, నొక్కి పట్టుకుని ఛార్జ్ చేయాలి. సీకర్ల గురి చెదరగొడుతుంది గానీ గురి లేకుండా నేరుగా వచ్చే డంబ్‌ఫైర్లని ఏమీ చేయదు.

పెన్నా ఒడ్డు: బావని అడిగా. ఆయనది క్యాంటీన్ లెక్కల సెక్షన్ అట. అయినా ఛాఫ్ విషయంలో నా మాట మీదే ఉన్నా.

కావలి కమాండర్: ఒక స్లాట్‌లో పాయింట్ డిఫెన్స్, ఒకదాంట్లో హీట్ సింక్ పెట్టా. పైనా కిందా సంగతి ఎవరూ చెప్పలేదు.

చీమకుర్తి రాయి: వెంటాడేవాడు ఏ వైపుంటే ఆ వైపు తిప్పుకో, అది తన ముందున్న దిక్కునే కాలుస్తుంది. అన్నట్టు నా దగ్గర పాత జాయ్‌స్టిక్ ఒకటుంది, ఒంగోలు వచ్చి తీసుకునేట్టయితే ధర మాట్లాడుకుందాం.

అనకొండ రెడ్డి: దాని ట్విస్ట్ పనిచేస్తుందా?